చిన్నవాణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలి పీహెచ్‌డీకి వెళ్ళాలా?

గుంటూరు లక్ష్మీపురం నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో అసిస్టెంట్‌షిప్‌తో (పాఠాలు చెప్పడంలోనో పరిశోధనలోనో పనిచేస్తే నెలనెలా స్టైపెండ్ ఇస్తారు) పీహెచ్‌డీ సీటు వచ్చింది, ఆగస్టులో చేరాలి. పాపకు ఐదేళ్ళు, బాబుకు ఏడాదిన్నర. భర్తది బ్యాంకు ఉద్యోగం, వదలాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. పాపను వెంట తీసుకెళ్ళి, బాబును ఏడాదిపాటు అమ్మమ్మ దగ్గర ఉంచమని పెద్దవాళ్ళు అంటున్నారు. పనిలో పనిగా కాగితాలు, టీకాలు, విమాన ప్రయాణం గురించి కూడా అడిగారు.

నాది విజయవాడ, సత్యనారాయణపురం. ఇద్దరు చిన్నపిల్లలతో అక్కడ పీహెచ్‌డీ చేసి వచ్చి, ఇప్పుడు ఇక్కడే ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. అమ్మా, నా మాట ముందే చెప్పేస్తాను. పిల్లలిద్దర్నీ విడదీయకండి. వెళ్తే ఇద్దరూ వెళ్ళాలి, ఉంటే ఇద్దరూ ఉండాలి. మీరు అడిగింది బాబు గురించే అయినా, అసలు తేలాల్సింది మీ వారి సంగతి. పగలు పిల్లల దగ్గర ఎవరుంటారు అన్నదానికి జవాబు దొరికితే తప్ప మిగతా ప్రశ్నలకి అర్థం లేదు.

పెద్దవాళ్ళ లెక్క ప్రేమతో వేసిందే. కానీ అందులో ఒక చిక్కుంది. బాబు ఇక్కడుంటే మీకు బరువు తగ్గుతుందని వాళ్ళు అనుకుంటున్నారు. మరి పాప బడి మధ్యాహ్నం మూడింటికి వదిలేస్తే ఎవరు ఎదురెళ్తారు? మీరు ఆ సమయానికి ల్యాబ్‌లోనో క్లాసులోనో ఉంటారు. ఒక పిల్లయినా ఇద్దరైనా ఆ మూడింటి సమస్య మారదు. పైగా "ఏడాదే కదా" అనుకున్నది ఏడాదితో ఆగడం నేను పెద్దగా చూడలేదు. రెండో ఏడాది క్వాలిఫయింగ్ పరీక్షలు వస్తాయి, టికెట్ల ఖర్చు చూసి వెనకాడతారు, వీసా స్టాంపింగ్ భయంతో ప్రయాణం వాయిదా పడుతుంది. ఈలోగా వాడికి అమ్మమ్మే అమ్మ అవుతుంది. రెండున్నరేళ్ళకో మూడేళ్ళకో మీరు వచ్చి తీసుకెళ్తే వాడికి అది రెండో ఎడబాటు. మీ అమ్మగారికి అంతకన్నా పెద్ద దెబ్బ. అలా పిల్లను పంపేశాక ఇంట్లో అన్నం సహించక చిక్కిపోయిన అమ్మమ్మలు మా వీధిలోనే ఉన్నారు.

కాబట్టి రెండే దారులు. ఒకటి, ఆగస్టులో అందరూ కలిసి వెళ్ళడం. యూనివర్సిటీ ఫ్యామిలీ హౌసింగ్‌లో ఇల్లు ఖాయమైతేనే ఈ దారి పట్టండి. పెద్ద యూనివర్సిటీలు చాలావాటికి పెళ్ళైన విద్యార్థుల కోసం వేరే అపార్ట్‌మెంట్లు ఉంటాయి. వెయిటింగ్ లిస్టు పొడుగ్గా ఉంటుంది కాబట్టి సీటు ఖాయమైన వెంటనే దరఖాస్తు పెట్టేయాలి, వీసా వచ్చాక చూద్దాంలే అనుకోకూడదు. అక్కడ ఉంటే కింద ఆడుకునే స్థలం, పక్కింట్లో ఏ ఇరానీ పిల్లో కొరియా పిల్లవాడో, ఇంటి ముందు స్కూల్ బస్సు. వాళ్ళ అమ్మలదీ నాన్నలదీ మీలాంటి బతుకే.

ఆ ఇల్లు దొరక్కపోతే రెండో దారి. మీరు ఒక్కరే ఆగస్టులో వెళ్ళండి, డిసెంబరు సెలవుల్లో మీ వారూ పిల్లలూ ముగ్గురూ కలిసి అక్కడికి రావాలి. మొదటి వారాలు ఊపిరాడనివ్వవు. ఓరియంటేషన్, టీచింగ్ అసిస్టెంట్లకి శిక్షణ, చాలాచోట్ల మనలాంటివాళ్ళకి ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష కూడా. అద్దె ఇంట్లో స్టవ్వు, ఫ్రిజ్ ఉంటాయి, మంచాలు ఉండవు. అలాంటి ఇంట్లోకి జెట్‌లాగ్‌తో రాత్రి రెండింటికి లేచి కూర్చునే ఏడాదిన్నర పిల్లాడు! నాలుగు నెలలు దూరంగా ఉండటం మీకు కష్టమే, నేను కాదనను. కానీ వాడు అదే ఇంట్లో, అదే అక్కతో, నాన్నతో, అమ్మమ్మతో ఉంటాడు. వాడి లోకంలో ఒక్కరే తగ్గుతారు, ఆ ఒక్కరూ రోజూ ఫోనులో కనిపిస్తారు. వాడు ఇంకా మీ పాలు తాగుతుంటే మాన్పించడం ఇప్పటినుంచే మొదలుపెట్టండి. ప్రయాణం వారంలో ఆ పని పెట్టుకుంటే ఇద్దరికీ నరకం. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం అడిగేటప్పుడే భర్తా పిల్లల పేర్లు కూడా ఇవ్వండి, ఒక్కొక్కరికి విడిగా ఐ-20 వస్తుంది. వాళ్ళు మీ తర్వాత వచ్చినా ఇబ్బంది లేదు. వాళ్ళ ఖర్చులకి కూడా సరిపడా డబ్బు చూపించాలి, ఎంత అన్నది యూనివర్సిటీయే చెబుతుంది.

ఇక మీ వారి సంగతి. మీది ఎఫ్-1 అనే విద్యార్థి వీసా, ఆయన వచ్చేది దానికి తోడుగా కుటుంబానికి ఇచ్చే ఎఫ్-2 వీసా మీద. ఎఫ్-2 మీద ఉద్యోగం చేయకూడదు. క్యాంపస్‌లో కాదు, బయట కాదు, ఇండియన్ షాపులో చేతికి డబ్బిచ్చే పని అంతకన్నా కాదు. దొరికితే ఆయన వీసా పోతుంది, ఇల్లు తలకిందులై మీ చదువూ దెబ్బతింటుంది. ఇక్కడి కంపెనీకి ఇంటినుంచి పని చేయొచ్చా అని అందరూ అడుగుతారు. దీనిమీద లాయర్లలోనే ఒక మాట లేదు. వాట్సాప్ గ్రూపులో ఎవరో చేస్తున్నారని కాకుండా, ముందే యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును, ఒక ఇమిగ్రేషన్ లాయరును అడగండి. పార్ట్‌టైమ్‌గా చదువుకోవచ్చు. పూర్తిస్థాయి డిగ్రీ చేయాలంటే ఆయన కూడా సొంతంగా ఎఫ్-1కి మారాలి.

కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ విద్యార్థులకి జే-1 అనే ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసాకి కూడా పత్రాలు ఇస్తాయి. దానిమీద వచ్చిన భర్తకి జే-2 ఉంటుంది, వర్క్ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. జే-1 అనగానే "చదువయ్యాక రెండేళ్ళు ఇండియాలో ఉండాల్సిందే" అన్న నిబంధన గుర్తొస్తుంది. వృత్తినైపుణ్యాల జాబితా (ఏ దేశానికి ఏ నైపుణ్యాలు అవసరమో అమెరికా ప్రకటించే పట్టిక) కారణంగా మనవాళ్ళకి పడే ఆ షరతు 2024 డిసెంబరులో పోయింది, ఇండియాను ఆ జాబితాలోంచి తీసేశారు. ఫుల్‌బ్రైట్ లాంటి ప్రభుత్వ నిధులతో వెళ్ళేవాళ్ళకి మాత్రం ఇప్పటికీ వర్తిస్తుంది. మీది మామూలు అసిస్టెంట్‌షిప్ కాబట్టి ఒకసారి అడిగి చూడండి, అడిగితే పోయేదేం లేదు. కాకపోతే చదువు తర్వాత ఉద్యోగ అనుమతుల పద్ధతి ఎఫ్-1కీ జే-1కీ వేరువేరుగా ఉంటుంది, అది కూడా చూసుకుని నిర్ణయించుకోండి.

బ్యాంకులో జీతం లేని సెలవు ఎన్నాళ్ళు ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. "మేనేజరు గారు సరేనన్నారు" అన్నది చాలదు, మేనేజరుకి బదిలీ అవుతుంది. ఒక ఏడాది దొరికినా ఆ ఏడాదే మీకు ప్రాణం. బాబుకు రెండున్నర దాటుతుంది, పాపకు బడి అలవాటవుతుంది, మీ కోర్సులు సగం పైన అయిపోతాయి. ఆ తర్వాత ఉద్యోగానికి తిరిగి రావాలా, అక్కడే ఏదైనా చదవాలా అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు.

డబ్బు కంటే బరువైనది ఇంకొకటి ఉంది, అది మాత్రం ఏ ఫారంలోనూ అడగరు. మీ మావగారిని కొరిటెపాడు పార్కులో ఎవరో ఒకరు అడుగుతారు, "మీ అబ్బాయి అక్కడ ఏం చేస్తున్నాడండీ" అని. పెళ్ళిళ్ళలో అడుగుతారు. ఆడది భర్త వెంట ఇదే వీసాలో వెళ్ళి ఐదేళ్ళు ఇంట్లో కూర్చుంటే ఎవరూ అడగరు, మగవాడు కూర్చుంటే మాత్రం ఊరంతా లెక్క అడుగుతుంది. దీని గురించి మీరిద్దరూ ఇక్కడుండగానే విడమరచి మాట్లాడుకోండి. నేను చూసినంతలో అక్కడ నిలదొక్కుకున్న మగవాళ్ళందరిదీ ఒకటే పద్ధతి. వచ్చిన కొత్తలోనే డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకున్నారు (అక్కడి గుర్తింపు సంఖ్య అయిన సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా, అది ఇవ్వలేదన్న లెటర్ తీసుకుంటే చాలా రాష్ట్రాల్లో ఇస్తారు), ఊళ్ళో లైబ్రరీలో పిల్లల కథల గంటకి బాబును తీసుకెళ్ళారు, ఆదివారం క్రికెట్ వదల్లేదు, తమకంటూ ఏదో ఒక కోర్సో పరీక్షో పెట్టుకున్నారు. వంటిల్లు పూర్తిగా తమ చేతిలోకి తీసుకున్నారు. "సాయం చేస్తున్నాను" అన్న మాట వచ్చిన ఇళ్ళలోనే గొడవలు మొదలయ్యాయి.

ఒకవేళ ఆయన రావడం కుదరదనే తేలితే? మీరొక్కరే ఇద్దరు పిల్లలతో వెళ్ళే ఆలోచన మానుకోండి. రెండేళ్ళలోపు పిల్లల డేకేర్ నెలకు వెయ్యి డాలర్లు దాటడం మామూలే, పెద్ద ఊళ్ళలో దానికి రెట్టింపు ఉంటుంది. అద్దె, డేకేర్ కట్టాక స్టైపెండ్‌లో ఉప్పుకి మిగలదు. అప్పుడు డిపార్ట్‌మెంటుకి రాసి సీటు ఒక ఏడాది వాయిదా అడగండి. ఫండింగ్ కూడా వచ్చే ఏడాదికి జరుగుతుందా అన్నది మెయిల్లో స్పష్టంగా రాయించుకోవాలి, సీటు ఉండి డబ్బు లేకపోతే ప్రయోజనం లేదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఒకటి రెండు విషయాలు. ఎఫ్-1 మీద ఉన్న మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మీరు పన్నుల లెక్కలో నాన్‌రెసిడెంట్. జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (అక్కడి పింఛను, వృద్ధుల వైద్య పథకాలు) కోతలు ఉండవు. భార్యాభర్తలు కలిపి రిటర్ను వేయడం కుదరదు. కానీ ఇండియాతో ఉన్న పన్ను ఒప్పందంలోని 21వ ఆర్టికల్ వల్ల మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. మిగతా దేశాలవాళ్ళలో చాలామందికి ఆ సౌకర్యం లేదు. పక్క సీటు చైనా అమ్మాయిని చూసి రిటర్ను నింపితే నష్టపోతారు.

పాపకి ఐదేళ్ళు కాబట్టి ప్రభుత్వ బడిలో కిండర్‌గార్టెన్ దొరుకుతుంది, ఫీజు లేదు. ఏ తేదీ నాటికి ఐదు నిండాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, చాలాచోట్ల సెప్టెంబరు 1. ఏ బడి అన్నది ఇంటి అడ్రసే తేలుస్తుంది, అందుకే ఇల్లు ముందు, బడి తర్వాత. జనవరిలో మధ్యలో వచ్చినా చేర్చుకుంటారు. చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక కాగితం ఇస్తారు. మనవాళ్ళు చాలామంది "ఇంగ్లీష్" అని రాస్తారు, పిల్లను తక్కువ క్లాసులో వేస్తారేమోనని భయం. అలా రాయకండి. తెలుగు అని రాస్తే ఒక చిన్న పరీక్ష పెట్టి, అవసరమైతే అదే క్లాసులో ఉంచుతూ ఇంగ్లీషు విడిగా నేర్పుతారు, ఉచితంగా.

మొదటి కొన్ని నెలలు పాప బడిలో నోరు విప్పకపోవచ్చు. ఇంట్లో వాగుడుకాయ, బడిలో మౌనం. కొత్త భాషలోకి వెళ్ళిన పిల్లల్లో ఇది మామూలే, వింటూ ఉంటారు, ఒకరోజు మొదలుపెడతారు. ఆ మధ్యకాలంలో భయపడి ఇంట్లో కూడా ఇంగ్లీషు మొదలుపెట్టేస్తారు తల్లిదండ్రులు. అనవసరం. ఇంగ్లీషు దానంతటదే వస్తుంది, పోయేది తెలుగే. ముఖ్యంగా బాబుది. పాపకి ఇంగ్లీషు రాగానే తమ్ముడితో అదే మాట్లాడుతుంది, అప్పటినుంచి ఇంట్లో తెలుగు మీ ఇద్దరి గొంతుల్లోనే మిగులుతుంది. ఊళ్ళో తెలుగు నేర్పే మనబడి తరగతులుంటే పాపను వేయండి, లేకపోతే అమ్మమ్మతో రోజూ ఫోను చాలు. తూర్పు తీరంతో మనకి వేసవిలో తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర గంటల తేడా. పాప బడికి తయారయ్యే వేళకి ఇక్కడ అమ్మమ్మ సాయంత్రం దీపం పెట్టి ఖాళీగా ఉంటుంది. ఆ పావుగంట స్థిరంగా పెట్టుకోండి, జడ వేయించుకుంటూ మాట్లాడుతుంది.

డబ్బాలో ఏం పెట్టాలన్నది కూడా చెప్పాలి. మన వంటలో వేరుశనగ లేనిదేది? చాలా బడుల్లో, డేకేర్లలో వేరుశనగ తేవద్దంటారు, అలర్జీ ఉన్న పిల్లలకి ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి. పల్లీ చట్నీ, పోపులో పల్లీలు వేసిన పులిహోర, పల్లీ పట్టీ అన్నీ సెలవు రోజులకే. పెరుగన్నం, ఇడ్లీ కారప్పొడి, పప్పన్నం నెయ్యి హాయిగా పెట్టొచ్చు. కారప్పొడిలో పల్లీ కలపలేదని చూసుకోండి. ఇక్కడిలా అలిసిపోయిన రోజు కర్రీ పాయింట్‌కి వెళ్ళి పప్పూ వేపుడూ తెచ్చుకునే వీలుండదు. ఆదివారం వండి ఫ్రీజర్‌లో పెట్టుకోవడం నామోషీ కాదు.

ఎవరూ ముందు చెప్పని బెడద వేసవి సెలవులు. జూన్ నుంచి ఆగస్టు దాకా దాదాపు రెండున్నర నెలలు బడి ఉండదు. మీకు మాత్రం ఉంటుంది, పీహెచ్‌డీలో పరిశోధన నడిచేదే వేసవిలో. సమ్మర్ క్యాంపుల ఫీజులు చూస్తే కళ్ళు తిరుగుతాయి. మంచు ఎక్కువ పడే ఊరైతే చలికాలంలో ఉన్నట్టుండి ఉదయం ఐదింటికి "ఈరోజు బడి లేదు" అని మెసేజ్ వస్తుంది. అందుకే మళ్ళీ మళ్ళీ చెబుతున్నాను, పగలు ఎవరుంటారు అన్నదే ప్రశ్న.

కాగితాల్లో మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా తగిలే గండం ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంచి, మొత్తం పేరు ఒకే గడిలో రాయించుకున్నవాళ్ళు మనలో చాలామంది. అలాంటి పాస్‌పోర్టు మీద వీసా కొడితే పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్ళి, అసలు పేరు దగ్గర "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. తర్వాత బ్యాంకులో, బడిలో, లైసెన్సులో పాపని ఆ మూడక్షరాలతో పిలుస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. నలుగురి పాస్‌పోర్టులూ తీసి చూడండి. ఎవరికి ఖాళీ ఉన్నా వీసాకి ముందే సరిచేయించండి.

పిల్లల జనన ధ్రువపత్రం కూడా చూసుకోండి. ఆసుపత్రి నుంచి నమోదు అయ్యేటప్పటికి బారసాల కాదు కాబట్టి పేరు లేకుండానే వస్తుంది. ఏడాదిలోపైతే పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు, తర్వాతైతే 15 ఏళ్ళ దాకా ఆలస్య రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి పాస్‌పోర్టులో పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది, కాబట్టి బాబు విషయంలో ఇది తప్పించుకోలేరు. పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెక్సర్-డి అనే సమ్మతి పత్రం కావాలి. చిన్నపిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళకే, అంటే మీ పీహెచ్‌డీ మధ్యలో అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో రెన్యువల్ ఉంటుంది, గుర్తుంచుకోండి. మీ పెళ్ళి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు కాకపోతే ఇప్పుడు చేయించండి. శుభలేఖ, ఆల్బమ్ వీసా అధికారి అడిగితే చూపించడానికే. వీసా ఫీజు మనిషికి 185 డాలర్లు, వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 ఎవరిది వాళ్ళకి. విదేశీ విద్యార్థుల నమోదు కోసం కట్టే సెవిస్ ఫీజు మాత్రం మీ ఒక్కరికే, 350 డాలర్లు, ఎఫ్-2 వాళ్ళకి లేదు. కట్టేముందు వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకోండి. గుంటూరు, విజయవాడ వాళ్ళకి ఇంటర్వ్యూకి దగ్గరిది హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్. పిల్లలతో అయితే ముందు రోజే చేరుకోండి, తెల్లవారుజామున బయల్దేరి హైవే మీద పడి వెళ్ళి క్యూలో నిలబడితే బాబు ఊరుకోడు.

టీకాల దగ్గర మనవాళ్ళు బాగా దెబ్బతింటారు. మన ప్రభుత్వ పట్టికలో తట్టు, రుబెల్లా కలిపిన ఎంఆర్ టీకా తొమ్మిదో నెలలో ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి. అమెరికా బడుల్లో మొదటి పుట్టినరోజు లోపు వేసిన డోసు లెక్కలోకి రాదు. పైగా వాళ్ళకి గవదబిళ్ళలు కూడా కలిసిన ఎంఎంఆర్ కావాలి, మన ఎంఆర్‌లో అది లేదు. పైపెచ్చు చాలా రాష్ట్రాలు ఆటలమ్మ టీకా అడుగుతాయి, అదీ మన ప్రభుత్వ పట్టికలో లేదు. ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గర వేయించి ఉంటే చాలావరకు సరిపోతాయి. కార్డు పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి ఇప్పుడే వెళ్ళండి, ఎందుకంటే ఈ రెండు టీకాలూ ఒకేరోజు వేయాలి, లేదా 28 రోజుల ఎడం ఉండాలి. అక్కడికెళ్ళి వేయించుకుంటే ఖర్చు, తిరుగుడు రెండూ ఎక్కువ. కార్డు మీద తేదీలు ఇంగ్లీషులో, నెల పేరు అక్షరాల్లో రాయించండి. వాళ్ళు నెల ముందు, రోజు తర్వాత చదువుతారు. ఇంకొకటి, పుట్టగానే క్షయ రాకుండా బీసీజీ టీకా వేస్తాం కాబట్టి క్షయ చర్మపరీక్షలో మన పిల్లలకి వాపు రావచ్చు. అప్పుడు గాబరా పడకుండా రక్తపరీక్ష చేయమని అడగండి.

కాటుక డబ్బా ఇంట్లోనే వదిలేయండి. మీ అమ్మగారు నొచ్చుకున్నా సరే. కాటుక, సుర్మాల్లో సీసం ఉంటుందని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది. ఒకటి, రెండేళ్ళ వయసు పిల్లలకి రక్తంలో సీసం ఎంతుందో అక్కడ చాలాచోట్ల పరీక్షిస్తారు. డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు వచ్చినా కారణం వెతుకుతారు. ఊరూపేరూ లేని పసుపు, విడి మసాలాల మీద కూడా అనుమానం పడతారు. దిష్టిచుక్కకి ఇంకేదైనా చూసుకోవచ్చు.

ఆరోగ్య బీమా మీకు యూనివర్సిటీ ఇస్తుంది, కుటుంబానికి విడిగా కొనాలి, అది నొప్పి పుట్టించే మొత్తమే. అయినా కొనండి. పిల్లవాడికి రాత్రి జ్వరం వస్తే నేరుగా ఎమర్జెన్సీకి పరుగెత్తకండి. పిల్లల డాక్టరు ఆఫీసుకు ఫోను చేస్తే రాత్రిళ్ళు కూడా నర్సు మాట్లాడి ఏం చేయాలో చెప్పే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. ప్రభుత్వ సాయాల గురించి అక్కడి స్నేహితులు ఏవేవో చెబుతారు. ఏ ఫారం మీదైనా సంతకం పెట్టేముందు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో ఒక మాట అడగండి, వీసా మీద ప్రభావం ఉంటుందేమోనని.

పిల్లల మీద చేయి చేసుకోవడం, "రెండు నిమిషాలే కదా" అని కారులో వదిలి షాపులోకి వెళ్ళడం, ఐదేళ్ళ పాపకి తమ్ముణ్ణి అప్పజెప్పి కిందికి దిగడం, ఈ మూడూ అక్కడ పోలీసులదాకా వెళ్ళగల విషయాలు. నార్వేలో ఒక భారతీయ జంట పిల్లల్ని అక్కడి శిశు సంక్షేమ అధికారులు తీసుకెళ్ళిపోయిన కేసు తర్వాత మనవాళ్ళలో ఎక్కడలేని భయం పుట్టింది, చేత్తో తినిపిస్తే తప్పు, పక్కలో పడుకోబెట్టుకుంటే తప్పు అని. ఊరికే హడలిపోవద్దు. అక్కడి టీచర్లు, డాక్టర్లు అనుమానం వస్తే ఫిర్యాదు చేయాలన్నది చట్టం, అంతవరకు తెలుసుకుంటే చాలు. కమిలినట్టుండే నీలిరంగు మచ్చ ఏదైనా బాబు వీపు మీద ఉంటే మొదటి చెకప్‌లోనే డాక్టరు చేత రికార్డులో రాయించండి, చాలామంది ఆసియా పిల్లలకి పుట్టుకతో ఉండే ఆ నీలిమచ్చల్ని దెబ్బలని పొరబడతారు. ఇక కారు సీటు: ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి వెళ్ళే మొదటి ప్రయాణానికే కావాలి. తీసుకెళ్ళడానికి వచ్చే స్నేహితులకి ముందే చెప్పండి. యాక్టివా ముందు నిలబెట్టి తిప్పిన అలవాటు ఇక్కడే వదలాలి.

మీ అమ్మగారు, అత్తగారు ఆరేసి నెలలు వంతులవారీగా రావడం మన ఇళ్ళలో మామూలే, విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. మంచిదే, కానీ దానిమీదే ఇల్లు కట్టకండి. వీసా రాకపోవచ్చు. వచ్చినా, ఉన్న బీపీ, షుగరుకి విజిటర్ బీమా సరిగా వర్తించదు. మందులు ఇక్కడినుంచే తేవాలి. అన్నిటికన్నా, బ్రాడీపేటలో పొద్దున పూలమ్మాయితో మొదలై రాత్రి పక్కింటావిడతో ముగిసే రోజున్న మనిషికి, జనవరిలో మంచుకి బయట కాలు పెట్టలేని ఊళ్ళో, కారు నడపడం రాకుండా, నాలుగు గోడల మధ్య ఏడాదిన్నర పిల్లాడితో పగలంతా ఉండటం ఎలా ఉంటుందో ఊహించండి. పిలిస్తే ఏప్రిల్, మే నుంచి పిలవండి. వేసవి సెలవుల సమస్యా తీరుతుంది, ఆవిడకీ నాలుగు చెట్లు కనపడతాయి.

గైడ్‌కి పిల్లల సంగతి దాచకండి. సీటు వచ్చేసింది కాబట్టి ఇప్పుడు చెప్పడంలో భయం లేదు. సాయంత్రం నాలుగు తర్వాత మీటింగులు వద్దని మొదట్లోనే అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, మూడో ఏడాది అడిగితే సాకులా వినపడుతుంది. టీచింగ్ స్లాట్లు పంచేటప్పుడు ఉదయానివి అడిగి తీసుకోండి, సాయంత్రం ల్యాబులు పెళ్ళికానివాళ్ళకి వదిలేయండి.

ఇది చదివే మిగతావాళ్ళు వేరే దేశాల గురించి అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ విద్యార్థులు కుటుంబాన్ని తీసుకెళ్ళడం కుదరదు, పీహెచ్‌డీ లాంటి రీసెర్చ్ కోర్సులకీ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లకీ మాత్రమే వీలు. కెనడాలో 2025 జనవరి నుంచి భర్తకో భార్యకో ఓపెన్ వర్క్ పర్మిట్ కావాలంటే చదివేది పీహెచ్‌డీయో, కనీసం 16 నెలల మాస్టర్సో, కొన్ని వృత్తి కోర్సులో అయ్యుండాలి. జర్మనీలో ప్రభుత్వ ఆరోగ్య బీమాలో సంపాదన లేని భర్తా పిల్లలూ అదనపు ఖర్చు లేకుండా చేరిపోతారు, ఏడాది దాటిన పిల్లలకి కీటాలో (అక్కడి డేకేర్) చోటు చట్టపరమైన హక్కు. చోటు దొరకడం మాత్రం వేరే కథ.

చివరిగా విమానం. బాబుకి రెండేళ్ళు నిండేలోపు ప్రయాణమైతే ఒళ్ళో కూర్చోబెట్టుకునే టికెట్ చాలు, అది పెద్దవాళ్ళ టికెట్‌లో పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది. డిసెంబరులో వస్తే అప్పటికి వాడికి రెండు నిండుతాయేమో తేదీ చూసుకోండి, తిరుగు ప్రయాణంలో ఎలాగూ సీటు కొనాలి. గోడకి తగిలించే బాసినెట్ పది, పదకొండు కిలోల పిల్లల దాకానే, మీ వాడు అప్పటికి పట్టడు, దానికోసం ఆరాటపడొద్దు. దిగేటప్పుడు చెవులు నొప్పెడతాయి, ఆ సమయానికి నిద్రలేపి ఏదైనా తాగించండి. హైదరాబాద్ నుంచి ఒకే చోట ఆగే విమానం తీసుకోండి, ఆ ఆగడం నాలుగైదు గంటలుండాలి. గంటన్నర వ్యవధిలో ఇద్దరు పిల్లల్నీ సంచుల్నీ పట్టుకుని సెక్యూరిటీ దాటడం ఆయనొక్కడి వల్ల కాదు. డిసెంబరులో ఆయన ఒక్కడే ఇద్దర్నీ తీసుకురావాల్సి ఉంటుంది కాబట్టి, మీరు సంతకం చేసిన ఒప్పుకోలు లెటర్ ఒకటి నోటరీ చేయించి ఆయన దగ్గర ఉంచండి. ఊరగాయ జాడీ మాత్రం చేతి సంచిలో వద్దు.